సీతాఫలం మనదెప్పుడైంది, తునికి పండు దూరమెప్పుడైంది?

కరీంనగర్‌లో పెద్ద దుకాణాల్లో పండ్ల అరకు ఇప్పుడు ఒక విడి వరస ఉంటోంది. పైన "ఎగ్జాటిక్" అని బోర్డు. కింద డ్రాగన్ ఫ్రూట్, కివీ, అవకాడో. ఒక్కో పండుకు తెల్లటి నురుగు తొడుగు, చంటిపిల్లకు కుల్లాయి పెట్టినట్టు. ఇవి బయట కాస్త తక్కువకు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతుంటారు. పొద్దున్నే పండ్ల మండీకి పోతే దొరుకుతాయి. కానీ నిజంగా అపురూపమైన పండు కావాలంటే మండీకి కూడా కాదు పోవాల్సింది. ఏప్రిల్ నెలలో, వారానికి ఒక్కరోజు జరిగే అంగడికి, ఉట్నూరు దిక్కు పోవాలి. అక్కడ మోదుగాకు డొప్పలో పోసి అమ్మే మొర్రి పండ్లను ఇంతవరకు ఏ సూపర్ మార్కెట్ అరలోనూ నేను చూడలేదు.

ఇంకో సంగతి. దసరా వచ్చిందంటే అదే దుకాణం బయట గంపలో సీతాఫలాలు పెట్టుకొని ఒక అవ్వ కూర్చుంటుంది కదా. ఆమె గంపలోని పండుదీ, లోపల కుల్లాయి పెట్టుకున్న డ్రాగన్ ఫ్రూట్‌దీ పుట్టిన దిక్కు ఒక్కటే. రెండూ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే. ఒకటి నాలుగు వందల ఏండ్ల కింద వచ్చింది, ఇంకోటి నిన్నగాక మొన్న వచ్చింది. ముందొచ్చినదానికి మనం సీతమ్మ పేరు పెట్టుకున్నాం.

మా అత్తమ్మ ముందు ఈ మాట అంటే ఆమె అస్సలు ఒప్పుకోలేదు. "వనవాసంల సీతమ్మ కన్నీళ్లు పడి మొలిచిన చెట్టు, అమెరికాది ఎట్లయితదే?" అంది. నిజానికి ఈ తగువు మా ఇంట్లో మొదలైంది కాదు. చాలా పెద్దవాళ్లే దీని మీద వాదులాడుకున్నారు. భారత పురావస్తు శాఖకు మొదటి అధిపతి అయిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భర్హుత్ స్తూపం మీద 1879లో పుస్తకం వేశాడు. రెండు వేల ఏండ్ల కిందటి ఆ శిల్పాల్లో సీతాఫలంలాంటి పండు కనబడుతోందని, కాబట్టి ఇది ముందు నుంచీ మన దేశంలో ఉన్నదేనని ఆయన నమ్మాడు. కాదు, అది పనస కావచ్చు, ఇంకేదైనా మొగ్గ కావచ్చు అని మిగతావాళ్లు అన్నారు. ఉత్తరప్రదేశ్ తవ్వకాల్లో చాలా పాత సీతాఫలం గింజలు దొరికాయని ఈ మధ్య కూడా కొందరు పరిశోధకులు రాశారు. అయినా ఈ చెట్టు జాతికి పుట్టిల్లు అమెరికా ఉష్ణ ప్రాంతాలేననీ, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరిందనీ వృక్షశాస్త్రం చదివినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. దాని చుట్టాలందరూ అక్కడే ఉన్నారు మరి. రామాఫలం అక్కడిదే, లక్ష్మణఫలం అక్కడిదే, హనుమాన్ ఫలం అని పిలిచేదీ అక్కడిదే. రామాయణమంతా మనది, పండ్లన్నీ వాళ్లవి.

(లక్ష్మణఫలం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అది తింటే క్యాన్సర్ తగ్గుతుందని చెప్పి ఎండిన ఆకులు, పొడులు బోలెడు ధరకు అమ్ముతున్నారు. మనుషుల మీద అది రుజువైన సంగతి కాదు. పండును పండులా తినండి, మందులా కొనకండి.)

సీతాఫలం మన గుట్టల మీద ఇంతగా అల్లుకుపోవడానికి సీతమ్మ మహిమ ఎంతుందో గానీ, మేకల పాత్ర మాత్రం ఉంది. దాని ఆకు వాసన మేకలకు గిట్టదు. మిగతా మొక్కల్ని చిగురు రాగానే కొరికేసే మేక దీన్ని ముట్టదు. అందుకే గొర్రెలు, మేకలు తిరిగే రాళ్లగుట్ట మీద వేరే చెట్టు నిలవని చోట కూడా సీతాఫలం నిలిచింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. తిన్నవాళ్లు గింజలు ఉమ్మేస్తూ పోయారు, అంతే. పాలమూరు దిక్కు బాలానగర్ రకం పెద్ద పేరు తెచ్చుకుంది, సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంలో దీని మీద పని జరిగింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ గుట్టల సీతాఫలానికి అలాంటి పేరూ ఊరూ ఏమీ లేవు. అది గుట్టది, ఎవరు పొద్దున ముందు లేచి పోతే వాళ్లది.

పొద్దున లేచేది ఆడవాళ్లే. కాయ మీది కండ్లు విచ్చుకొని, వాటి మధ్య గీతలు తెల్లబడితే తెంపే టైమైనట్టు. ఇంకా కండ్లు మూసుకొని ఉన్నదాన్ని తెంపితే గడ్డిలో పెట్టినా గోనెసంచిలో పెట్టినా రాయిలా నల్లబడుతుంది తప్ప మాగదు. చెట్టు మీదే పండనిస్తే చిలకలు, ఉడతలు మిగల్చవు. ఈ రెండింటి మధ్య ఉండేది ఒకటి రెండు రోజులు. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కే దారిలో కాయలు పేర్చుకొని కూర్చున్నవాళ్లను అడగండి, ఏది ఇవాళ రాత్రికి, ఏది రేపటికి, ఏది ఎల్లుండికి అని వేరుచేసి మరీ ఇస్తారు. అరలో స్టిక్కర్ అంటించిన పండు మీద ఈ సమాచారం ఉండదు.

పరాయి పండును మనదిగా చేసుకోవడంలో ముందు జరిగేది పేరు పెట్టడం. తెలుగులో ఇది చూస్తే భలే తమాషాగా ఉంటుంది. మెక్సికో దిక్కు పుట్టిన ఒక చెట్టును స్పెయిన్ వాళ్లు ఫిలిప్పీన్స్‌కు తీసుకుపోయారు, అక్కడి నుంచి మనదాకా వచ్చింది. కాయ చూస్తే చింతకాయలా వంకర, దేశం చూస్తే వేరే దేశం. అందుకే సీమ చింత అన్నారు. బ్రెజిల్ నుంచి వచ్చిన ఇంకో చెట్టుకు మన అడవిలో ఎప్పటి నుంచో ఉన్న నల్లజీడి పేరు, మామిడి పేరు కలిపి జీడిమామిడి అన్నారు. ఆ నల్లజీడి, మన చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ, ఇప్పుడు ఎంతమందికి తెలుసు? వచ్చిన చుట్టం ఇంటివాళ్ల పేరు పెట్టుకొని పెద్దదైపోయింది. బొప్పాయి, అనాస మాత్రం తమ పాత పేర్లనే నోరు తిరిగినట్టు మార్చుకొని ఉండిపోయాయి. అనాస పేరు దక్షిణ అమెరికా ఆదివాసుల మాటల్లో పుట్టి, పోర్చుగీసువాళ్ల నోట పడి మనకు చేరింది. సపోటా పేరు మెక్సికో పాత భాషది. జామ కూడా అక్కడి చెట్టే, కానీ ఆ మాట ఇప్పుడు ఎవరైనా నమ్ముతారా? జామచెట్టు లేని పెరడు మన దగ్గర పెరడే కాదు.

కొత్త పండుకు ఎప్పుడూ పెద్దింటి గుమ్మంలోనే మొదటి మర్యాద. అక్బర్ కాలంలో రాసిన ఆయినీ అక్బరీలో అనాస పండు ఉంది. తన ఆగ్రా తోటలో ఏటా వేల అనాస పండ్లు కాస్తున్నాయని, ఇవి ఫిరంగుల రేవుల నుంచి వచ్చినవని ఆయన కొడుకు జహంగీర్ గొప్పగా రాసుకున్నాడు. ఇప్పుడు అదే అనాసను బస్టాండ్ బయట ముక్కలు కోసి, ఉప్పుకారం చల్లి అమ్ముతున్నారు. డ్రాగన్ ఫ్రూట్ కూడా అదే దారిలో ఉంది. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం దాన్ని ఇకమీదట కమలం అని పిలుస్తామంది. అందరూ నవ్వారు. సీతాఫలానికి పేరు పెట్టిననాడు ఎవరైనా నవ్వారో లేదో మనకు తెలియదు. మన తెలంగాణ రైతులు సిమెంటు స్తంభాలు పాతి దాన్ని పండిస్తున్నారు కూడా, ఇంకో ముప్పై ఏండ్లకు దానికి కూడా ఏదో పురాణం పుడుతుంది.

కివీ కథ మాత్రం నాకు చాలా ఇష్టం. అది న్యూజిలాండ్ పండు కానే కాదు, చైనా అడవి తీగ. ఇసబెల్ ఫ్రేజర్ అనే బడి పంతులమ్మ చైనాలో ఉన్న చెల్లెలిని చూడబోయి, 1904లో తిరిగొస్తూ ఆ గింజలు కొన్ని తన దేశానికి పట్టుకొచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడయ్యే కివీ తోటల్లో ఎక్కువ భాగం ఆ గింజల సంతతే. 1959లో వ్యాపారులు దానికి తమ దేశపు పిట్ట పేరు పెట్టారు. పుట్టింటికో చెల్లెలింటికో పోయి వస్తూ కొంగున నాలుగు గింజలు కట్టుకొచ్చే అలవాటు మనొక్కళ్లదే కాదన్నమాట.

ఇంతవరకు వచ్చినవాళ్ల కథ. ముందు నుంచీ ఉన్నవాళ్ల సంగతి వేరుగా జరిగింది.

తునికి పండు చూశారా? చిన్న నిమ్మకాయంత ఉంటుంది, ముదురు పసుపు తోలు, తల మీద గట్టి తొడిమ టోపీ. పగలగొడితే లోపల పసుపు గుజ్జు, నాలుగైదు గింజలు. తియ్యగా ఉంటుంది, చివర్లో నాలుకకు కొంచెం వగరు తగులుతుంది. పెద్ద దుకాణంలో పర్సిమన్ అని ఎర్రగా మెరిసే పండు అమ్ముతారే, దానికి ఇది సొంత చుట్టం. ఒకే కుటుంబం, ఒకే ఇంటిపేరు. ఒకటి డబ్బాలో ప్రయాణం చేస్తుంది, ఇంకోటి గంపలో. ఆ పర్సిమన్ కొనే ఇండ్లలో చాలామందికి తునికి అంటే ఆకు మాత్రమే గుర్తొస్తుంది.

మొర్రి పండు ఇంకా చిన్నది, రేగు గింజంత. నల్లగా పండుతుంది. పైన పలచటి గుజ్జు పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది, లోపల గట్టి గింజ. ఆ గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు. పాయసంలో వేస్తాం, కిరాణా కొట్టులో చిరోంజీ అని చిన్న పొట్లం కట్టి జీడిపప్పును మించిన ధరకు అమ్ముతారు. సారపప్పు తెలిసిన నూరుమందిలో ఆ పండు నోట్లో వేసుకున్నవాళ్లు ఎందరుంటారు? ఇది మామిడికి చుట్టమే, వాసన చూస్తే తెలుస్తుంది.

పాల పండ్లు వేపకాయలంత, పచ్చని బంగారు రంగు, తింటే పెదవులకు పాలు అంటుకొని జిగురవుతాయి. వీటి గురించి ఒక ముచ్చట తోటలవాళ్లకు తెలుసు గానీ మనకు తెలియదు. సపోటా మొక్కను మన దేశంలో అంటు కట్టేది ఎక్కువగా ఈ పాలచెట్టు మొక్క మీదే. పైన కాసేది మెక్సికో దిక్కు సపోటా, కింద నేలలో నిలబడ్డ వేరు మన అడవి పాలది. మన నేల, మన ఎండ ఆ వేరుకు అలవాటు కాబట్టి సపోటా బతికింది. మార్కెట్లో ఏడాది పొడవునా సపోటా ఉంటుంది. పాలపండు కోసం మాత్రం ఎండాకాలంలో మూడు నాలుగు వారాలు వెతుక్కోవాలి.

ఎందుకిట్లా అయింది? అడవి తరిగింది, నిజమే. కానీ అదొక్కటే అయితే అన్ని పండ్లకూ ఒకే గతి పట్టాలి. అట్లా జరగలేదు. నాకు అర్థమైనంతలో, ఒక చెట్టులో ఏ భాగాన్ని లెక్కపుస్తకంలో రాశారు, ఏ భాగాన్ని వదిలేశారు అనేది చాలా తేల్చింది.

తునికినే తీసుకోండి. నిజాం కాలం నుంచీ సర్కారు కాగితాల్లో దాని పేరు అబ్నూస్. ఆకు బీడీకి పనికొస్తుంది కాబట్టి ఆకుకు కాంట్రాక్టులు వచ్చాయి. 1971లో ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం తెచ్చి ఆకు వ్యాపారాన్ని సర్కారు తన చేతిలోకి తీసుకుంది. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక బస్తా, ఇదీ లెక్క. మంచి లేతాకు రావాలంటే ఎండలు ముదరకముందే పొదలు నరకాలి. నరికినచోట చిగురు వస్తుంది, ఆకు వస్తుంది. కానీ పొదగానే ఉంచిన తునికి పండెక్కడ కాస్తుంది? పండు కావాలంటే అది చెట్టు కావాలి. ఆకు కోసం దాన్ని ఎదగనివ్వలేదు.

ఆ ఆకు ఎక్కడికొచ్చిందో మనకు తెలుసు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఎన్ని ఇండ్లలో ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టలేదు? ఆకు తడిపి, కత్తెరతో కొలతకు కోసి, తంబాకు పోసి, దారం చుట్టి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అడవిలో ఆకు తెంపింది ఆడవాళ్లు, ఊళ్లో చుట్టిందీ ఆడవాళ్లు. పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెండ్లిళ్లు ఆ చాటలోంచే వెళ్లాయి. దగ్గు కూడా ఆ చాటలోంచే వచ్చింది. అంత దగ్గరి చెట్టు పండు మాత్రం కరీంనగర్ పిల్లల్లో చాలామంది ఎరగరు.

పండు ఎవరి లెక్కలోనూ లేకపోవడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. దాని మీద కాంట్రాక్టర్ లేడు, పర్మిట్ లేదు, కల్లం లేదు. తెల్లారగట్ల రాలిన పండు ఏరుకొచ్చిన మనిషిదే. అంగడిలో అమ్మిన పైసలు ఆమె కొంగులోనే ముడి. సారపప్పుకు ఆ భాగ్యం లేకపోయింది. దానికి విలువుందని బయటివాళ్లకు చాలా ముందే తెలుసు. మన పక్కనే ఉన్న బస్తర్‌లో ఒకప్పుడు ఉప్పు ఇచ్చి సారపప్పు పట్టుకుపోయేవాళ్లు షావుకార్లు. ఉప్పు లేకుండా అడవిలో బతకలేరు కదా. పట్నంలో పాయసంలో పడే పప్పుకు అడవిలో దక్కింది ఉప్పు. షావుకార్ల చేతుల్లోంచి ఆదివాసులను తప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. జీసీసీ అంటే ఇప్పటికీ ఏజెన్సీ ఊళ్లలో అందరికీ తెలుసు, దాని తేనె మనం కూడా కొంటాం. 2013–14లో కేంద్ర ప్రభుత్వం అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం మొదలుపెట్టినప్పుడు అందులో చిరోంజీ గింజ ఉంది. గింజకు ధర వచ్చింది, మంచిదే. కానీ ధర వచ్చిన గింజకు పోటీ కూడా వచ్చింది. నేను పోకముందే ఇంకొకరు తెంపుతారనే భయంతో పండకముందే కొమ్మలు విరిచి పచ్చికాయలే దులుపుకుపోయే పద్ధతి మధ్య భారతంలో చాలాచోట్ల మొదలైంది. అట్లా విరిచిన కొమ్మ మరుసటి ఏడు కాయదు. గింజ కోసం పండును పండనివ్వకపోతే డొప్పలో పోసి అమ్మడానికి మిగిలేదేంటి?

ఈ పండ్లు దొరికే అంగళ్ల గురించి చెప్పకుండా పండ్ల గురించి చెప్పడం కుదరదు. మన దగ్గర సంత అనం, అంగడి అంటాం. ఆదిలాబాద్ దిక్కు ఒక్కో ఊరికి ఒక్కో రోజు. గోండులు, కొలాములు, నాయకపోళ్లు, లంబాడీలు, ఊళ్లనుంచి వచ్చిన వ్యాపారులు, అందరూ కలిసేది అక్కడే. అమ్మేది గంపెడు, కొనేది ఉప్పు, నూనె, మిరపకాయలు, పిల్లకు ఒక రిబ్బను. పెండ్లి మాటలు కూడా అక్కడే.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నిజాం సర్కారు అడవులకు హద్దులు గీసి రిజర్వు చేసింది. అప్పటిదాకా ఇంటి వెనక తోటలాంటి అడవిలో కట్టెకు, మేతకు, సాగుకు అడ్డంకులు వచ్చాయి. నీరు, అడవి, నేల మావేనని నిలబడ్డ కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరువాతే, అసలు వీళ్లకు ఏం కావాలో తెలుసుకోవాలని, హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి సర్కారు గోండుల మధ్యకు పంపింది. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది, అక్కడివాళ్లు ఆమెను తమ మనిషిగానే తలుచుకుంటారు. అడవిలో కొత్తగా వచ్చినదేదైనా ముందు దేవుడికి పెట్టి ఆ తరువాతే నోట్లో వేసుకోవడం గోండుల ఆచారం. ఒకరకంగా పండును పండనిచ్చే కట్టుబాటు అది. పూజ కాకముందే ఎవరూ తెంపకూడదు కదా.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూమి కోసం, గిట్టుబాటు ధర కోసం ఆ రోజు అక్కడ సభ పెట్టుకున్నారు. అనుమతి లేదన్నారు. కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, ఊళ్లవాళ్ల లెక్క అంతకు చాలా ఎక్కువ. ఏప్రిల్ అంటే ఇప్పపువ్వు అయిపోయి మొర్రి పండే రోజులు. సభకని కాక, మామూలుగా గంప నెత్తిన పెట్టుకొని ఆ రోజు అంగడికి బయల్దేరిన ఆడవాళ్లు కూడా ఉండే ఉంటారు. అక్కడి స్తూపం ముందు నిలబడితే నాకు ముందు వచ్చే ఆలోచన అదే.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక చెట్టు కొట్టకుండా తెచ్చుకునే అటవీ ఉత్పత్తుల మీద అక్కడి జనానికే యాజమాన్య హక్కు అని కాగితం మీద రాశారు. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయ్యింది. 2016లో మన పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ కూడా ముక్కలైంది. పండ్లు ఏరేవాళ్లకు ఈ మూడింటిలో ఏది ఎంత పనికొచ్చిందో ఊరికో తీరుగా చెబుతారు. కిందటేడు అంగడిలో ఒకామెను ఈ ఏడు మొర్రి ఇంత తక్కువుందేమని అడిగాను. "చెట్లున్నయి బిడ్డా, కొమ్మలు లెవ్వు" అంది.

ఇక కొనే ముచ్చట. ఉగాది దాటినప్పటి నుంచి మృగశిర దాకా మొర్రి, తునికి, పాల పండ్ల కాలం. ముందు మొర్రి, ఆ వెనకే మిగతా రెండూ. వాన పడ్డాక అల్లనేరేడు, అది ఇప్పుడు షుగరు పుణ్యమా అని కరీంనగర్ టవర్ సర్కిల్‌లో కూడా తోపుడు బండి మీద దొరుకుతుంది, ధర కూడా అట్లాగే ఉంది. దసరా నుంచి దీపావళి సీతాఫలం. చలికాలంలో మిరియాలంత నల్లటి పరికి పండ్లు, సంక్రాంతికి రేగు పండ్లు. పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతరకు పోయేవాళ్లు దారి పొడవునా గంపలు చూసుకుంటూ పోవచ్చు. నల్లజీడి పండు ఎవరైనా ఇస్తే కాల్చి ఇచ్చినదే తినండి. పచ్చి గింజ నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. సీతాఫలం గింజల పొడి పేలకు మందని పిల్లల తలకు పట్టిస్తుంటారు, అది కంట్లో పడితే కన్ను పాడవుతుంది, ఆ పని వద్దు.

తునికి పండు గట్టిగా ఉంటే కొనకండి, వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి. మొర్రి పండ్లు ఆ రోజే తినేయాలి, ఇంటికొచ్చేసరికి సగం పగిలి రసం కారుతుంది కాబట్టి స్టీలు డబ్బా తీసుకెళ్లడం మేలు. చప్పరించాక గింజలు కడిగి ఎండబెట్టి దాచుకోండి, పది డొప్పలు తింటే ఒక పాయసానికి సరిపడా సారపప్పు రావచ్చు. కాకపోతే ఆ గింజ పగలగొట్టడం ఎంత పనో ఒక్కసారి చేసి చూస్తే, కొట్టులో ఆ పొట్లం ధర ఎందుకంతో తెలిసిపోతుంది.

ఏ ఊరి అంగడి ఏ రోజో ఉట్నూరు బస్సు కండక్టర్‌ను అడిగితే చెబుతాడు. పది గంటలలోపు చేరాలి, ఎండ ముదిరితే గంపలు ఖాళీ. అక్కడ కిలో లెక్క ఉండదు. గిలాస ఉంటుంది, సోల ఉంటుంది, డొప్ప ఉంటుంది. కొసరు అడక్కుండానే వేస్తారు. పది, ఇరవై నోట్లు సరిపడా తీసుకెళ్లండి, ఐదువందల నోటు తీస్తే చిల్లర కోసం ఆమె గంప మీకు అప్పగించి అంగడంతా తిరిగొస్తుంది.